మగ్గం కొలిచిన ఇల్లు

షోలాపూర్ తెలుగు నేత వాడల్లో నల్లరాయి, తెల్లమట్టి, టేకు దూలాలతో లేచిన ఇళ్ళు ఒక్కొక్కటిగా రేకులకూ సిమెంటుకూ చోటిస్తున్నాయి. ఎండ ఏటేటా ముదురుతున్న ఈ రోజుల్లో ఆ పాత కట్టడంలో ఏముందో, అది ఎందుకు నిలవలేకపోయిందో వివరించే కథనం.

ఏప్రిల్ చివరి వారంలో, మధ్యాహ్నం రెండు గంటల వేళ, షోలాపూర్‌లోని కుంఠా నాకా మొదలుకొని పాత తూర్పు వాడల దాకా సందుల వెంట ఇళ్ళను వరుసగా గమనిస్తే, ఒకే ఎండ మూడు రకాల కప్పుల కింద మూడు తీరుల్లో పనిచేయడం కనిపిస్తుంది. రేకుల ఇళ్ళలో ఆ వేళకు నిలవడం కష్టం కాబట్టి, బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకొని, తడిగుడ్డలో చుట్టిన తునికాకు పక్కన ఉంచుకొని, ఎదుటి గోడ నీడలోకి జరిగి కూర్చుంటారు. సిమెంటు శ్లాబు ఇళ్ళలో ఫ్యాను ఆగకుండా తిరిగినా, కప్పు నుంచి దిగే వేడినే అది గదంతా పంచుతుంది. ఆ రెండింటి నడుమ అక్కడక్కడా మిగిలిన నల్లరాతి గోడల ఇంట్లోకి, నడుం వంచితే గాని పట్టని ద్వారబంధం దాటి అడుగుపెడితే, కళ్ళు చీకటికి అలవాటు పడేలోపే ఒంటికి చల్లదనం తెలుస్తుంది. అడుగు మందాన మట్టి పరిచిన కప్పు, రెండడుగులకు మించిన గోడ, కప్పులోని చిన్న గవాక్షి నుంచి నేలమీద పడే ఒక్క వెలుగు గడి తప్ప ఆ గదిలో ఎండ జాడ ఉండదు.

షోలాపూర్‌లో వేసవి 40 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. 43, 44 వరకు పోయిన రోజులూ ఉన్నాయి. అయితే ఆ ఎండను ఎదుర్కొనే కప్పు రెండు మూడు తరాల్లోనే మారిపోవడంతో, వేడి గురించిన చర్చ ఇప్పుడు ఇంటి గురించిన చర్చగా మారింది. ఇంట్లోనే పనిచేసి బతికే కుటుంబాలు ఎక్కువగా ఉన్న నగరంలో ఈ చర్చకు బరువు ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ కప్పు వేడెక్కితే నిద్రతో పాటు కూలి కూడా పోతుంది.

నల్లరేగడి మీద నేత ఊరు

షోలాపూర్ తూర్పు భాగంలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలావరకు నిజాం పాలనలోని తెలంగాణ జిల్లాల నుంచి, ప్రధానంగా 19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనూ, విడతలు విడతలుగా తరలివచ్చినవి. 1860 నాటికి రైలు ఈ ఊరికి చేరడం, 1876-78 నాటి ఘోరమైన కరువు దక్కను అంతటినీ కుదిపివేయడం, ఆ కరువు నడుమనే 1877లో ఊరి మొదటి నూలు మిల్లు పని మొదలుపెట్టడం ఈ వలసను వేగిరపరిచాయి. మరాఠీలో ‘జునీ గిరణీ’, అంటే పాత మిల్లు, అని పిలిచే ఆ మిల్లు చుట్టూ కూలీల చాళ్ళు, అంటే వరుస గదుల ఇళ్ళు, లేచాయి. మిల్లులోకి పోకుండా సొంత మగ్గం నమ్ముకున్నవారు సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట వంటి వాడల్లో ఇళ్ళు కట్టుకున్నారు. జనం పెరిగేకొద్దీ వాడలు ఊరి అంచులకు పాకాయి. కుమఠె అనే ఊరి వైపు సాగే దారిలో, ఒకప్పటి సుంకపు చౌకీ పేరుతో నిలిచిన కుంఠా నాకా ఆ విస్తరణలో ఒక చోటు.

తెలంగాణలో వారు వదిలి వచ్చినవి ఎక్కువగా గూన పెంకుటిళ్ళు. కుమ్మరి సారె మీద చేసి కాల్చిన సగం గొట్టం లాంటి పెంకులను వాలు కప్పు మీద ఒకదానిపై ఒకటి బోర్లించే ఆ పద్ధతి, వానలు గట్టిగా పడే చోట, వెదురూ కలపా దగ్గరలో దొరికే చోట తగినది. షోలాపూర్‌లో వాన కరీంనగర్ ప్రాంతపు వాన కన్నా తక్కువ, అడవి దూరం, కాళ్ళ కింద మాత్రం రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా గడ్డకట్టి ఏర్పడిన దక్కను నల్లరాయి ఇక్కడ కొద్ది అడుగులు తవ్వితే తగులుతుంది. కాబట్టి వలస వచ్చినవారు తమ భాషను, మార్కండేయుడి కొలువును, బతుకమ్మను వెంట తెచ్చుకున్నా, ఇంటి కప్పును మాత్రం ఇక్కడి నేల నుంచే నేర్చుకున్నారు.

ఆ రాతిని కొట్టి, చెక్కి, పేర్చిన చేతుల్లోనూ తెలుగు చేతులు చాలానే ఉన్నాయి. రాతిపనికీ మట్టిపనికీ పేరు పొందిన వడ్డెరలు మహారాష్ట్రలోనూ కర్ణాటకలోనూ ‘వడ్డర్’ అనే పేరుతో తరాలుగా స్థిరపడినవారు, ఇంట తెలుగు మాట్లాడేవారు. షోలాపూర్ నేత చరిత్ర చెప్పేటప్పుడు వారి పేరు రావడం అరుదు. రావలసిన పేరు అది.

నల్లమట్టి చేనికి, తెల్లమట్టి ఇంటికి

ఈ ప్రాంతపు కట్టడంలో మొదటి పాఠం మట్టికి సంబంధించినది. పత్తికి పేరుపడిన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పునాది వేస్తే గోడ బీటలు వారుతుంది, దానితో కప్పు వేస్తే మొదటి వేసవికే కప్పు పగులుతుంది. అందుకే పునాదిని రేగడి దాటి మొరం తగిలేదాకా తవ్వేవారు. గోడకూ కప్పుకూ వేరే మట్టి తెచ్చేవారు. మహారాష్ట్ర పల్లెల్లో సాగుభూమిని ‘కాళీ’ అనీ, జనం నివసించే ఊరి స్థలాన్ని ‘పాంఢరీ’ అనీ విభజించి పిలవడం పాత ఆచారం. ఊరి దిబ్బల్లో దొరికే తెల్లని, జిగురైన పాంఢరీ మట్టి నీటిని సులువుగా లోపలికి పోనివ్వదు, ఎండకు అంతగా పగలదు. ఆ మట్టి పరిచిన బల్లపరుపు కప్పును మరాఠీలో ‘మాళవద్’ అంటారు. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పాఠకులకు దీన్ని పరిచయం చేయనక్కర లేదు, ఎందుకంటే చౌడు పోసిన వారి మిద్దె దీనికి చాలా దగ్గరి చుట్టం.

మాళవద్ ఇంటి కొలత ‘ఖణ్’. రెండు దూలాల మధ్య ఉండే ఎడమే ఒక ఖణ్. తెలుగు నాట అంకణం కూడా మొదట ఇటువంటి ఎడమే, తరువాత అది నెల్లూరు, తిరుపతి వైపు స్థలం కొలతగా నిలిచింది. దూలాలను మోయడానికి గోడల లోపలి వైపున చెక్క స్తంభాలు నిలబెట్టడం మంచి పనివారి పద్ధతి. అలా కట్టిన ఇంట్లో కప్పు బరువు స్తంభాల మీదుగా నేలకు దిగుతుంది, గోడ ఎండనూ గాలినీ అడ్డుకునే తెరగా మిగులుతుంది. కలప కొనలేని ఇళ్ళలో స్తంభాలు తగ్గించి, దూలాలను నేరుగా రాతిగోడ మీద కూర్చోబెట్టేవారు. పొదుపు కోసం చేసిన ఈ తేడా ఎంత ప్రాణాంతకమైనదో చాలా కాలం తరువాత తెలిసింది.

> మాళవద్ కప్పు – కింది నుంచి పైకి
> మొదట దూలాలు. స్థోమత ఉంటే టేకు, లేకుంటే వేప, తుమ్మ. వాటికి అడ్డంగా దంతెలు. దంతెల మీద పలకలు గాని, దగ్గర దగ్గరగా పేర్చిన కట్టెలు గాని. ఆపైన ఆకు, రెమ్మల పరుపు. దాని మీద తడిపి తొక్కి పరిచిన మట్టి, అన్నిటికన్నా పైన తెల్లమట్టి పూత. వాననీరు ఒక వైపుకు పారేలా కొద్దిపాటి వాటం, చివర నీటిని గోడకు దూరంగా విసిరే తూము. వెలుతురుకూ పొగ పోవడానికీ వదిలిన గవాక్షికి వానాకాలంలో మూత వేస్తారు. ఏటా తొలకరికి ముందు పగుళ్ళు పూడ్చి, మొలిచిన గడ్డి పీకి, కొత్త మట్టి పోసి దిమ్మిస కొట్టాలి. ఒక ఏడు మానితే కప్పు కారడం మొదలవుతుంది.

గుంత తవ్వాకే గది

నేతగాని ఇల్లు మిగతా ఇళ్ళకు భిన్నమయ్యేది నేల దగ్గర. గుంత మగ్గం అంటే నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దింపి, గట్టు మీద కూర్చుని, కాళ్ళతో తొక్కుడు పలకలను నొక్కుతూ చేతులతో నాడెను ఆడించే మగ్గం. దాని సాళ్ళు, అంటే పడుగు దారాలు, నేలకు జానెడు మూరెడు ఎత్తులో పరుచుకుంటాయి. మగ్గం నిడివి, దాని వెనుక పడుగును చాచి కట్టడానికి కావలసిన చోటు, పక్కన రాట్నం పెట్టుకొని కండెలు చుట్టే మనిషికి చోటు కలిస్తే ముందరి గది పొడవు తేలుతుంది. దాన్ని బట్టి ఎన్ని ఖణాలు వేయాలో నిర్ణయమవుతుంది. వంటకూ పడకకూ మిగిలినది వెనుక గది. నేతకు వెలుగు అవసరం కాబట్టి కిటికీనో గవాక్షినో మగ్గం మీదికి వచ్చేలా పెడతారు, వెలుగు నాడె నడిచే చోట పడాలి, నేతగాని కళ్ళలో పడకూడదు.

నూలు పొడిబారితే తెగుతుంది. షోలాపూర్ వంటి పొడి వాతావరణంలో పడుగు తెగకుండా ఉండాలంటే గదిలో తేమ కావాలి. పేడతో అలికిన మట్టినేల, గుంతలోని పచ్చి మట్టి, మందపు గోడ, మట్టి కప్పు కలిసి ఆ తేమను పట్టి ఉంచేవి. నేతగాళ్ళు మట్టినేలను వదలకుండా ఉన్నది బీదతనం వల్ల మాత్రమే అనుకుంటే పొరపాటు. రాతి బండ పరచగల స్థోమత ఉన్న ఇంట్లో కూడా మగ్గం చుట్టూ మట్టిని అలాగే ఉంచడానికి ఈ అవసరం కారణం. సాయంత్రం పని దిగాక గుంత చుట్టూ నీళ్ళు చిలకరించి మరునాటికి నేలను సిద్ధం చేయడం కూడా నేతపనిలో భాగమే.

ఇంటి బయట అరుగు, అరుగు ముందు వీధి కూడా పని స్థలాలే. పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం చేనేత వాడలన్నిటా ఉన్న పద్ధతి. దానికి నిడివైన, వంకర లేని సందు కావాలి, ఉదయపు ఎండ కావాలి. నేత వాడల్లో ఇళ్ళు ఒకదానికొకటి గోడలు ఆనించుకొని, ముఖాలు వీధికి పెట్టి, వరుస తప్పకుండా నిలవడం వెనుక ఈ అక్కర ఉంది. ఆ అరుగుల మీదే తరువాతి కాలంలో ఆడవాళ్ళ బీడీ పని స్థిరపడింది. నేడు ఈ నగరంలో బీడీ చుట్టే స్త్రీలలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారి పనిచోటు ఇంటి గడపే.

రైలు కొత్త సరుకులనూ తెచ్చింది. గుల్బర్గా దాటాక రైలు దారిలోనే ఉన్న షాబాదు నుంచి పలుచని సున్నపురాతి బండలు వచ్చి నేలల మీద, గూళ్ళలో, మెట్ల మీద పరుచుకున్నాయి. అదే సున్నపురాయి తరువాత ఆ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలను పోషించింది. నల్లరేగడిలో దొరికే సున్నపు గుళ్ళను కాల్చి, గానుగలో నూరిన సున్నంతో కలిగినవారి గోడలు కట్టారు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో మొదలుపెట్టిన మిల్లు పెంకులు కూడా దక్కను ఊళ్ళకు పాకాయి.

గుంత పూడిన తరువాత

20వ శతాబ్దపు మధ్యకాలం నుంచి మరమగ్గాలు నేత వాడల్లోకి వచ్చాయి. షోలాపూర్ దుప్పటి, తువ్వాలు దేశమంతా అమ్ముడుపోయిన ఆ దశాబ్దాల్లో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, పిల్లలు చదువుకున్నారు. దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే మరమగ్గానికి గుంత అక్కరలేదు, కదలని గట్టి నేల కావాలి. రోజంతా సాగే దాని అదురుకు మట్టి పూత రాలుతుంది, రాళ్ళ మధ్య అతుకు వదులవుతుంది. అల్లిక బొమ్మలను నడిపే జాకార్డు యంత్రం మగ్గం నెత్తిన కూర్చుంటుంది కాబట్టి కప్పు ఎత్తు పెరగాలి. ఈ మూడు అవసరాలకూ మాళవద్ ఇల్లు సరిపోలేదు. గుంతలు పూడ్చి కాంక్రీటు పోశారు, కప్పు విప్పి ఎత్తు పెంచి రేకులు వేశారు. తీసిన టేకు దూలాలకు పాత కలప అంగడిలో మంచి ధర పలకడం కూడా ఆ మార్పుకు తోడ్పడింది.

మగ్గం ఎక్కువ చోటు కోరుతున్నకొద్దీ మనిషి చోటు తగ్గింది. కింద మగ్గాలు, అటక మీద లేదా పై గదిలో కుటుంబం అన్న ఏర్పాటు మామూలైంది. గుంత మగ్గపు ఇంట్లో నూలు, పొయ్యి, నిద్ర ఒకే కప్పు కింద ఉన్నప్పటికీ అక్కడ ఉన్నది ఒక్క మగ్గానికి సరిపడే నూలు. యంత్రాలున్న షెడ్డులో నిల్వలు, విద్యుత్ తీగలు, నూలు దూది ఉంటాయి. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని ఒక తువ్వాళ్ళ కర్మాగారంలో మంటలు చెలరేగి, ఆ ఆవరణలోనే నివసిస్తున్న యజమాని కుటుంబీకులూ కార్మికులూ కలిపి ఎనిమిది మంది మరణించారు. పనిచోటులోనే కాపురం అనే పాత అలవాటు కొత్త యంత్రాలతో కలిసినప్పుడు దానికి తగిన రెండో దారి, గాలి దారి, కప్పు దారి ఇంటికి ఉండాలన్నది అప్పటిదాకా ఎవరూ గట్టిగా అడగని విషయం.

ఒక తెల్లవారుజాము భయం

మాళవద్ ఇంటి మీద నమ్మకాన్ని ఒక్క దెబ్బతో కూల్చినది 1993 నాటి భూకంపం. లాతూర్ జిల్లాలోని కిల్లారి చుట్టుపక్కల ఊళ్ళలో దిబ్బలైన రాళ్ళూ మట్టీ కింద జనం సమాధి కావడం చూశాక, పొరుగునే ఉన్న షోలాపూర్ జిల్లాలో మట్టి కప్పు కింద పడుకోవడానికే జనం భయపడ్డారు. ఆ భయంలో న్యాయం ఉంది. రెండు వైపులా చెక్కిన రాయి పేర్చి, నడుమ చిన్న రాళ్ళూ మట్టీ నింపిన గోడకు రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడవు రాళ్ళు లేకపోతే, భూమి ఊగినప్పుడు అది రెండుగా చీలి పడిపోతుంది. పైన ఏటేటా కొత్త మట్టి పోయడమే తప్ప పాతది తీయకపోవడంతో కప్పు బరువు తరతరానికీ పెరిగి ఉంటుంది.

> 1993 సెప్టెంబరు 30
> తెల్లవారుజామున 4 గంటలకు కొద్ది నిమిషాల ముందు, వినాయక నిమజ్జనం ముగించుకొని జనం గాఢనిద్రలో ఉన్న వేళ, లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలను భూకంపం కుదిపింది. వేలాది మంది చనిపోయారు; ఎక్కువ మరణాలకు కారణం రాతిగోడలు, బరువైన మట్టి కప్పులు కూలడమే. పరిశీలకులు గమనించిన మరో సంగతి కూడా ఉంది: చెక్క స్తంభాలూ దూలాలూ బిగువుగా కలిసిన ఇళ్ళలో గోడలు బయటికి పడిపోయినా కప్పు నిలిచి, కింద ఉన్నవారు బతికిన సందర్భాలున్నాయి.

ఆ రెండో సంగతి జనానికి చేరలేదు, చేరినా ఆ దుఃఖంలో వినే స్థితిలో ఎవరూ లేరు. ఇళ్ళను బలపరచడానికి ఇంజనీర్లు చెప్పిన మార్గాలు ఖరీదైనవి కావు: కప్పు మట్టిని పలచబరచడం, గోడలో అక్కడక్కడ రంధ్రం చేసి రెండు ముఖాలనూ కలిపే కట్టు వేయడం, ద్వారబంధాల పైన గోడ చుట్టూ ఒక పట్టీ తిప్పడం, స్తంభమూ దూలమూ కలిసే మూలల్లో ఏటవాలు చెక్క బిగించడం. అయితే రేకు చవక, రేకు తేలిక, రేకు కూలినా ప్రాణం తీయదు. ఈ వాదం ముందు మట్టి కప్పు ఓడిపోయింది. ఎండలో రేకు ఒళ్ళు 60 డిగ్రీలు దాటగలదన్నదీ, ఆ వేడి నిమిషాల్లో గదిలోకి దిగుతుందన్నదీ ఆ తరువాత ప్రతి వేసవిలో అనుభవించిన విషయం. అడుగు మట్టి గుండా అదే వేడి దిగడానికి గంటల కొద్దీ పడుతుంది. అది లోపలికి చేరేసరికి బయట చల్లబడి ఉంటుంది.

గుంఠాల లెక్క

నగరం అంచుల్లో భూమి చేతులు మారిన తీరు కూడా ఇంటి రూపాన్ని నిర్ణయించింది. ఎకరంలో నలభయ్యో వంతు, అంటే 1,089 చదరపు అడుగులు, ఒక గుంఠా. తెలంగాణలో దీన్నే గుంట అంటారు. సాగుభూములను లేఅవుటు అనుమతి లేకుండా గుంఠాల చొప్పునా అరగుంఠా చొప్పునా ముక్కలు చేసి అమ్మడం మహారాష్ట్ర పట్టణాల్లో ఎంత విస్తరించిందంటే, వాటిని క్రమబద్ధం చేయడానికి 2001లో ‘గుంఠేవారీ’ చట్టమే తెచ్చారు. మిల్లులు మూతపడి, మగ్గాలు తగ్గి, కూలి మీద బతికే కుటుంబాలు కొనగలిగినది ఆ ముక్కలనే. అనుమతి లేని స్థలానికి బ్యాంకు అప్పు పుట్టదు, ఎప్పుడు కూలగొడతారో తెలియదు. అటువంటి చోట రెండడుగుల గోడ ఎవరు కడతారు? అవసరమైతే విప్పుకుపోగల రేకులే వేస్తారు. కొన్ని రోజులకోసారి వచ్చే కుళాయి నీటిని నిల్వ చేసుకునే హౌదుకు, డ్రమ్ములకు మిగిలిన చోటు పోతుంది.

ఇటువంటి జీవితాల నుంచే సహకార గృహ నిర్మాణం పుట్టింది. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మిక స్త్రీలు సాగించిన పోరాట ఫలితంగా కుంభారీ వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ళ కాలనీ లేచి, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా కార్మికులకు దక్కింది. అదే బాటలో 30,000 ఇళ్ళతో తలపెట్టిన రేనగర్‌లో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అంకితం చేశారు. అద్దె కొంపల్లో తరాలు గడిపిన స్త్రీల పేరిట ఇంటి పత్రాలు రావడం చిన్న విజయం కాదు. ఆ విజయాన్ని గౌరవిస్తూనే అడగవలసిన మాట ఒకటుంది: రోజుకు ఎనిమిది పది గంటలు ఇంట్లోనే బీడీ చుట్టే మనిషికి అరుగు ఎక్కడ, ఎండ దిగని కప్పు ఎక్కడ?

కచ్చా గడిలో పడిన కప్పు

షోలాపూర్ దుప్పటికి 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ దుప్పటి పుట్టిన ఇంటికి మాత్రం ప్రభుత్వ లెక్కల్లో ఉన్న పేరు వేరు. 2011 జనగణనలో ఇంటి కప్పు దేనితో వేశారన్న ప్రశ్న కింద గడ్డి, తాటాకు, వెదురు, కట్టె, మట్టి అన్నీ ఒకే వర్గం. వందేళ్ళు నిలిచిన టేకు దూలాల మాళవద్ కూడా ఆ లెక్కలో పూరిపాక పక్కనే చేరుతుంది, రేకు మాత్రం శాశ్వతమైన కప్పుల వర్గంలో ఉంటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం పక్కా ఇల్లు లేని కుటుంబానికి సాయం చేస్తుంది. మట్టి కప్పు తీసి శ్లాబు వేయడానికి డబ్బు దొరికే మార్గం ఉంది, మట్టి కప్పును బలపరచి నిలుపుకోవడానికి మార్గం కనిపించదు. ఇల్లుగలవారు పాత కప్పును విప్పడానికి మొగ్గడంలో వారి తప్పేమీ లేదు.

ఇప్పటికే రేకుల కిందా శ్లాబుల కిందా ఉన్నవారికి వెనకటి ఇల్లు తిరిగి రాదు. వారికి పనికొచ్చే దారి తెలంగాణ నుంచే కనిపిస్తోంది. ఎండను తిప్పికొట్టే తెల్లపూతలు, పలకలు కప్పుల మీద వేయించడానికి ఆ రాష్ట్రం 2023లో ఐదేళ్ళ ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించింది. అహ్మదాబాదులో 2013 నుంచి సాగుతున్న వేడి నివారణ ప్రణాళికలోనూ మురికివాడల రేకులకు సున్నపు పూత వేయించారు. సున్నం షోలాపూర్‌కు కొత్త సరుకు కాదు, పూసే పనివారికీ కొదవ లేదు.

2027 జనగణనలో భాగమైన ఇళ్ళ నమోదు కప్పు దేనిదో అడుగుతుంది, ఆ కట్టడాన్ని నివాసానికే వాడుతున్నారా, నివాసంతో పాటు వేరే పనికీ వాడుతున్నారా అనీ అడుగుతుంది. నగరపాలక సంస్థ ఈ రెండు జవాబులనూ కలిపి వాడవారీగా తీయించుకుంటే, రేకు కింద పని నడుస్తున్న ఇళ్ళు ఏ సందుల్లో ఎక్కువో తేలుతుంది, సున్నపు పూత ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మట్టి కప్పుల గడిలో పడిన ఇళ్ళ దగ్గరికి కొలతల టేపుతో, మట్టి కలపడం ఇంకా చేతికి వచ్చిన ఒక పాత మేస్త్రిని వెంటబెట్టుకొని వెళ్ళవలసినవారు వాస్తుశిల్ప కళాశాలల విద్యార్థులు.